గోడ ఓవెన్ ముందుకి వాలుతోంది, బ్రాకెట్ రెండోసారి వంగింది. ఈసారి మందంది వేస్తే సరిపోతుందా?

తలుపుసందు:
అందరికీ నమస్తే అండి. మాది నిలువు కప్‌బోర్డులో బిగించిన కరెంట్ ఓవెన్, 60 సెంటీమీటర్లది, పెట్టించి నాలుగేళ్లు దాటింది. పోయినేడాది ఓ రోజు చూస్తే ఓవెన్ పైభాగం కప్‌బోర్డు నుంచి కొంచెం బయటికి వచ్చినట్టు ఉంది, తలుపు తెరిచి పక్క ఫ్రేమ్ దగ్గర చూస్తే ఎడమవైపు స్క్రూ సగం పీక్కుని వచ్చేసింది, దాని వెనక ఎల్ ఆకారంలో పల్చటి రేకు బ్రాకెట్ ఉంటుంది కదా అది వంగిపోయి ఉంది. బిగించిన అతన్నే పిలిస్తే అలాంటిదే ఇంకోటి తెచ్చి వేసి, పక్కనే ఇంకో స్క్రూ కొట్టి వెళ్లిపోయాడు. పదిహేను నిమిషాల పని. ఎనిమిది నెలలు బాగానే ఉంది. ఇప్పుడు మళ్లీ అదే కథ, అదే ఎడమ వైపు, ఈసారి తలుపు తెరిచినప్పుడల్లా లోపలెక్కడో "టక్" మని చప్పుడు కూడా వస్తోంది. ఇంకో సంగతి, ట్రేలో ఏం పెట్టినా ఎడమవైపు సరిగ్గా కాలట్లేదు, కుడివైపు మాడుతోంది, దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో నాకు తెలీదు.

మా ఆయన అంటారు, పెద్ద స్క్రూలు రెండు కొట్టేస్తే పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకూ అని. నాకేమో రెండుసార్లు వంగిందంటే మూడోసారీ వంగుతుంది కదా అనిపిస్తోంది. మందం ఎక్కువున్న బ్రాకెట్ దొరికితే వేయిద్దామా? ఇది మనమే బయటికి లాగి చేసుకునే పనేనా, లేక మనిషిని పిలవాల్సిందేనా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

నట్టూబోల్టూ:
మీ ఆయన చెప్పింది కరెక్టే అండి, నాదీ సేమ్ ప్రాబ్లం, 50 ఎంఎం స్క్రూలు నాలుగు కొట్టాను, డ్రిల్ మెషీన్‌తో రెండు నిమిషాలు, సంవత్సరం అయింది కదల్లేదు. బ్రాకెట్ కూడా మార్చలేదు, సుత్తితో చదును చేసి అదే వేశాను.

పాతసర్వీసోడు:
మేడం, ముందు ఒక మాట. ఇది తేలేదాకా ఓవెన్ వాడకండి, తలుపు మీద బరువు అస్సలు పెట్టకండి, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే దాని దగ్గరికి రానివ్వకండి. భయపెట్టడానికి చెప్పట్లేదు, లెక్క చూడండి. ఈ సైజు ఓవెన్ మొత్తం 30 నుంచి 40 కిలోల మధ్య ఉంటుంది, అందులో తలుపే ఒక 10 కిలోలు అనుకుందాం. తలుపు తీసి అడ్డంగా పరిచినప్పుడు ఆ 10 కిలోలూ కప్‌బోర్డు అంచు దాటి గాల్లో ఉంటాయి. మామూలుగా వెనకున్న బాడీ బరువు దాన్ని ఆపుతుంది. కానీ ఓ 20 కిలోల పిల్లాడు తెరిచిన తలుపు చివర మీద మోపు ఇచ్చాడనుకోండి, తూకం ముందువైపుకి తిరిగిపోతుంది, అప్పుడు మొత్తం ఓవెన్ని ఆపేది ఆ పక్క స్క్రూలు మాత్రమే. మీకు వాటిలో ఒకటి ఆల్రెడీ ఊడి ఉంది.

అసలు ఆ స్క్రూల పనే అది. బరువు మొయ్యడం వాటి పని కాదు. ఓవెన్ బరువంతా కింద పలక మీద కూర్చోవాలి, పక్క స్క్రూలూ బ్రాకెట్లూ అది ముందుకి జారకుండా, ఒరక్కుండా పట్టుకుంటాయి అంతే. అందుకే ఆ రేకు అంత పల్చగా ఉంటుంది. అది వంగిందంటే దాని మీద పడకూడని బరువు పడిందని అర్థం. మందం బ్రాకెట్ వేస్తే రేకు వంగదు, దాన్ని పట్టుకున్న స్క్రూ చెక్కలోంచి పెళ్లతో సహా ఊడొస్తుంది.

ఇంకోటి, జనం మూడు రకాల వాటిని బ్రాకెట్ అంటుంటారు, ఫోన్లో "బ్రాకెట్ పోయింది" అని చెప్తే నేను వేరే పార్టు పట్టుకుని వెళ్లిన రోజులు ఉన్నాయి. ఓవెన్‌ని కప్‌బోర్డుకి పట్టించేది ఒకటి. తలుపు హింజ్ (కీలు) కాలు వెళ్లి కూర్చునే గూడు లాంటిది ఓవెన్ బాడీలో ఉంటుంది, అదొకటి. లోపల ట్రేలు పెట్టుకునే పక్క కమ్మీలని పట్టుకునేవి మూడోవి. మీది మొదటి రకమే అనిపిస్తోంది కానీ కాలడంలో తేడా అంటున్నారు కాబట్టి మూడూ చూసుకోండి. ఓవెన్ పూర్తిగా చల్లారాక, మెయిన్ దగ్గర దాని ఎంసీబీ, అంటే దానికి కరెంట్ ఆపే స్విచ్, ఆఫ్ చేసి, ఇవి చెయ్యండి.

పెన్సిల్ తీసుకుని ఓవెన్ ఫ్రేమ్ అంచు కప్‌బోర్డు మీద ఎక్కడుందో నాలుగు మూలలా సన్నగా గీత గీయండి, ఫ్రేముకీ కప్‌బోర్డుకీ మధ్య సందు ఎన్ని ఎంఎం ఉందో రాసుకోండి. తర్వాత ఒకళ్లు పైభాగాన్ని చేత్తో పట్టుకుని ఉండగా ఇంకొకళ్లు తలుపు మెల్లగా తియ్యండి. సందు పెరిగినా, ఫ్రేమ్ గీత దాటి కదిలినా బిగింపులో తేడా. ఫ్రేమ్ కదలకుండా తలుపొక్కటే ఒక పక్కకి దిగితే హింజ్ కానీ దాని గూడు కానీ పోయినట్టు. తలుపు మూసి ఉన్నప్పుడు తలుపు పై అంచుకీ బటన్ల ప్యానెల్‌కీ మధ్య సందు ఎడమా కుడీ ఒకేలా ఉందా అని కూడా చూడండి.

తర్వాత కాగితం ముక్క. తలుపు ఆనే చోట చుట్టూ ఉండే రబ్బరు మీద కాగితం పెట్టి తలుపు మూసి మెల్లగా లాగండి, చుట్టూతా ఐదారు చోట్ల. అన్ని చోట్లా కాస్త పట్టినట్టు రావాలి. ఒక మూల జారుగా వచ్చేస్తే ఆ మూల వేడి బయటికి పోతోందని.

ఆఖరిది, రసమట్టం ఉంటే లోపల కమ్మీ మీద అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టండి, అలాగే ఓవెన్ అడుగు మీద కూడా. అడుగు మట్టంగా ఉండి కమ్మీ వంకరగా ఉంటే లోపలి కమ్మీల బిగింపు. రెండూ ఒకే వైపుకి దిగి ఉంటే ఓవెనే ఒరిగింది. పల్చటి పిండి లాంటిది ఏది పోసినా దిగిన వైపుకి చేరి మందం అవుతుంది, అటు కాలదు, పల్చగా ఉన్నవైపు మాడుతుంది. మీరు చెప్పింది అదే అయ్యుండొచ్చు.

చెక్కపనోడు:
నట్టూబోల్టూ తమ్ముడూ, ఏమీ అనుకోకు, ఆ 50 ఎంఎం స్క్రూలు ఎక్కడికి వెళ్లాయో ఎప్పుడైనా చూశావా? కప్‌బోర్డు పక్క పలక 18 ఎంఎం. మిగతా 30 ఎక్కడుందో పక్క గూట్లో చెయ్యి పెట్టి చూడు, మెల్లగా పెట్టు.

అమ్మా, అన్నిటికంటే ముందు ఓవెన్ కింద ఉన్న పలక చూడు. కింద డ్రాయరో గూడో ఉంటుంది కదా, అది బయటికి లాగేసి టార్చి వేసి పైకి చూడు. ఆ పలక దేని మీద ఆనుకుని ఉంది? సన్నటి ఇనప పిన్నుల మీదా, చిన్న ఎల్ క్లాంపుల మీదా, లేక పొడవాటి రీపర్ల మీదా, అంటే చెక్క పట్టీల మీదా? పలక ముందు అంచు పొడవునా ఒక స్కేలు అడ్డంగా ఆనించి మధ్యలో ఎంత దిగిందో కొలువు. అది పార్టికల్ బోర్డా ప్లైవుడ్డా కూడా చెప్పు, అంచు పట్టీ ఊడిన చోట చూస్తే తెలిసిపోతుంది, రంపపు పొట్టు అదిమినట్టు ఉంటే పార్టికల్ బోర్డు. నా లెక్క ప్రకారం నీ బ్రాకెట్ తప్పేం లేదు పాపం.

నట్టూబోల్టూ:
అన్నా మీరలా అంటే భయమేస్తోంది. పక్క గూడు మా అమ్మది, సాయంత్రం చూసి చెప్తా.

తలుపుసందు:
ఇంత వివరంగా చెప్పినందుకు ఇద్దరికీ థాంక్స్ అండి. నిన్న సాయంత్రం ఇద్దరం కూర్చుని అన్నీ చూశాం, మా ఆయన పైభాగం పట్టుకున్నారు, నేను తలుపు తీశాను.

పైన ఎడమ మూల సందు తలుపు మూసి ఉంటే 2 ఎంఎం, పూర్తిగా తెరిస్తే 6. కుడి మూల 1, తెరిస్తే 2. కింద మూలల్లో సందు లేదు కానీ ఎడమవైపు ఫ్రేమ్ మేం గీసిన గీత కంటే కిందికి వస్తోంది, అంటే ఫ్రేమే దిగుతోంది, ఆ దిగేటప్పుడే ఆ టక్ చప్పుడు. తలుపుకీ ప్యానెల్‌కీ మధ్య సందు రెండు పక్కలా సమానంగానే ఉంది. కాగితం అన్ని చోట్లా పట్టింది, ఎడమ కింద మూల ఒక్కచోట కొంచెం జారు. రసమట్టం మా మేస్త్రీ దగ్గర తెచ్చాం, బుడగ కమ్మీ మీదా అడుగు మీదా రెండు చోట్లా కుడివైపుకే పరిగెత్తింది, అంటే ఎడమ కిందికి ఉన్నట్టే కదా? ముందుకి కూడా వాలి ఉంది.

ఇక కింద డ్రాయర్ లాగి చూస్తే, అయ్యబాబోయ్. పలక నాలుగు పిన్నుల మీద ఉంది అండి, నాలుగే నాలుగు, పుస్తకాల అరలకి పెడతారే అవి. ఎడమ ముందు పిన్ను చుట్టూ పక్క పలక నలిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయింది, పిన్ను కిందికి వంగి వేలాడుతోంది. పలక పార్టికల్ బోర్డే, ముందు అంచు మధ్యలో 7 ఎంఎం దిగింది, అడుగున తడి తగిలి ఉబ్బినట్టు పొరలు కూడా విచ్చుకున్నాయి. దీని మీద నాలుగేళ్లు ఎలా నిలబడిందో దేవుడికే తెలియాలి. మొదట బిగించినతను, పోయినేడాది వచ్చినతను ఒక్కరే, అతను ఒక్కసారి డ్రాయర్ లాగి చూసి ఉంటే అయిపోయేది. సరే, ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పండి.

చెక్కపనోడు:
చెప్పానా. బుడగ ఎప్పుడూ ఎత్తువైపుకే పోతుంది కాబట్టి ఎడమ దిగినట్టే, నువ్వు సరిగ్గానే అనుకున్నావ్. నీ ఓవెన్‌ని నాలుగేళ్లు నిలబెట్టింది ఆ పల్చటి బ్రాకెట్టే తల్లీ, పలక దిగిపోతుంటే ఓవెన్ ఎడమ పక్క బరువంతా ఆ స్క్రూకి వేలాడింది, మొయ్యగలిగినన్నాళ్లు మోసింది.

బ్రాకెట్ పని ఆఖర్న. ముందు ఓవెన్ బయటికి రావాలి, అది ఎలాగో సర్వీసు బాబు చెప్తాడు. వచ్చాక పాత పలక తీసెయ్. కొత్తది 18 ఎంఎం ప్లైవుడ్ తీసుకో, పాతదానికంటే మందం వెయ్యాలని ఆశపడకు, ఎందుకంటే ఈ సైజు ఓవెన్‌కి గూడు ఎత్తు 600 దగ్గర ఉంటుంది, ఓవెన్ 595 ఉంటుంది, పలక పై తలం పాత ఎత్తుకే రాకపోతే ఓవెన్ పట్టదు, లేదా పైన సందు కనబడుతుంది. కోసే ముందు పాత పలక లోతు కొలువు. అది వెనక గోడ దాకా వెళ్లకుండా కాస్త ముందే ఆగిపోయి ఉంటుంది, లేదా వెనక కోత పెట్టి ఉంటుంది. ఆ ఖాళీ గాలి ఆడటానికి. కొత్త పలక నిండుగా కోస్తే బాగుంటుంది కదా అని గోడ దాకా వేసి దాన్ని మూసేసేవాళ్లని చూశాను, ఓవెన్ వెనక వేడి పోయే దారి లేక లోపల ఎలక్ట్రానిక్ బోర్డు కాలిపోయి మళ్లీ ఖర్చు.

పలక కింద రెండు పక్కలా గట్టి చెక్క రీపర్లు, 25 మందం 40 వెడల్పువి, ముందు నుంచి వెనక దాకా పొడవునా వెయ్యి. రీపర్ పక్క పలకకి ఆనే వైపంతా చెక్క జిగురు రాసి, ఒక్కో రీపర్‌కి నాలుగు స్క్రూలు, లోపలి నుంచి పక్క పలకలోకి. రీపర్ 25, పక్క పలక 18, కలిపి 43 కాబట్టి 38 ఎంఎం స్క్రూ వాడు, అవతలికి ముక్కు రాదు. ఇక ముందు అంచు మధ్యలో మళ్లీ దిగకుండా పలక అడుగున ముందు వైపు అడ్డంగా ఒక రీపర్, రెండు పక్క రీపర్ల మధ్య బిర్రుగా పట్టేలా. డ్రాయర్‌కి అడ్డం వస్తుందేమో చూసుకో, వస్తే 25 పక్క నిలువుగా వచ్చేలా పడుకోబెట్టు. పక్క రీపర్లు రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయా లేదా అన్నది రసమట్టం రెండింటి మీదా అడ్డంగా పెట్టి చూశాకే స్క్రూలు కొట్టు. ఇక్కడ 2 ఎంఎం తప్పితే పైన ట్రేలో తెలుస్తుంది.

బ్రాకెట్ దగ్గర ఊడిన రంధ్రం సంగతి. మామూలుగా ఐతే వెనక ఒక చెక్క ముక్క అతికించి దాంట్లోకి కొట్టమంటాను, కానీ ఓవెన్ బాడీకీ పక్క పలకకీ మధ్య ఐదారు ఎంఎం కంటే ఉండదు, చెక్క పట్టదు. అందుకని పాడైన రంధ్రాన్ని 8 ఎంఎం బిట్‌తో శుభ్రం చెయ్యి, లోతు 14 మించకుండా బిట్ మీద ఆ కొలత దగ్గర టేపు చుట్టుకో, పొట్టు ఊదేసి, 8 ఎంఎం డోవెల్ (గుండ్రటి చెక్క పుల్ల) ముక్కకి జిగురు పూసి కొట్టి, పలక తలానికి సమంగా కోసెయ్. రాత్రంతా ఆరనివ్వు. ఆరకుండా స్క్రూ తిప్పితే జిగురంతా పొడి అవుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. పొద్దున్నే స్క్రూకి దారిగా 2.5 ఎంఎం పైలట్ రంధ్రం వేసి 4 ఎంఎం స్క్రూ చేత్తో తిప్పు. ఇంపాక్ట్ డ్రిల్ ముట్టుకోకు. పార్టికల్ బోర్డులో మెషీన్‌తో బిగిస్తే పట్టు వచ్చిన క్షణం తెలియదు, ఇంకో అర చుట్టు తిరిగితే అంతా పొట్టే.

పాతసర్వీసోడు:
బాగా చెప్పారు అన్నా. నేను ఓవెన్ బయటికి లాగడం వరకు చెప్తా, ఇది ఒక్కరు చేసే పని కాదు మేడం, ఇద్దరు ఉండాలి, నడుం నొప్పి ఉన్నవాళ్లు వద్దు. మీది కరెంట్‌ది అన్నారు కాబట్టి సరే, గ్యాస్ ఓవెన్ అయితే ఇదంతా మానేసి గ్యాస్ పని తెలిసిన మనిషిని పిలవమనేవాణ్ణి, పైపు మడత పడిందా లీకైందా అన్నది మనం చూసి తెలుసుకునేది కాదు.

ఎంసీబీ ఆఫ్ చేశాక గడియారం, లైటు వెలగట్లేదని చూసుకోండి. మీది ప్లగ్గా, నేరుగా వైరు కలిపిందా? 3,500 వాట్ల దాకా లాగే ఓవెన్లు 230 వోల్టుల మీద 15 ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటాయి, అలాంటివి చాలావరకు నేరుగా కలిపి ఉంటాయి. అలా ఉంటే వైరు విప్పే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, అయిదు నిమిషాల పని.

ముందు తలుపు తీసెయ్యండి, 10 కిలోలు తగ్గుతుంది, పట్టుకోడానికి చెయ్యి కూడా ఆడుతుంది. తలుపు పూర్తిగా తెరిస్తే రెండు హింజ్‌ల దగ్గరా చిన్న కొక్కెం లాంటి లాచ్ కనబడుతుంది, రెండూ పూర్తిగా ముందుకి తిప్పండి. తర్వాత తలుపు సగానికి పైగా మూస్తే ఒక చోట ఆగుతుంది, అక్కడ రెండు పక్కలా పట్టుకుని పైకెత్తి బయటికి లాగితే వచ్చేస్తుంది. మోడల్ బట్టి కొంచెం తేడా ఉంటుంది, మాన్యువల్లో బొమ్మ ఉంటుంది చూసుకోండి. లాచ్ ఒకటి తిప్పి ఇంకోటి మర్చిపోతే హింజ్ స్ప్రింగ్ టప్పున మూసుకుంటుంది, వేలు మధ్యలో ఉంటే ఇక అంతే. తీసిన తలుపుని దుప్పటి మీద పడుకోబెట్టండి, టైల్స్ మీద అంచు ఆనించి గోడకి నిలబెట్టకండి. అది టెంపర్డ్ గ్లాస్, మధ్యలో గుద్దినా తట్టుకుంటుంది కానీ మూల తగిలితే మొత్తం పలుకుల్లా రాలిపోతుంది.

ట్రేలు, కమ్మీలు తీసేశాక పక్క స్క్రూలు విప్పండి. గూడు ఎత్తుకి సరిపడే బల్లో స్టూలో ముందు పెట్టుకోండి, దాని మీద దుప్పటి. ఓవెన్‌ని హ్యాండిల్ పట్టి, ప్యానెల్ పట్టి లాగకండి, తలుపు తీసిన ఖాళీలో చేతులు పెట్టి బాడీ అంచులు పట్టుకుని కొంచెం కొంచెంగా జరపండి, చేతికి గ్లోవ్స్ వేసుకోండి, ఆ రేకు అంచులు బ్లేడులా ఉంటాయి. అర అడుగు వచ్చాక ఆగి వెనక వైరు ఎంత పొడవుందో చూడండి, బిగుసుకుంటే ఆపెయ్యండి.

బ్రాకెట్ కొత్తది తెప్పించేటప్పుడు తలుపు తెరిస్తే ఫ్రేమ్ మీద కనబడే రేటింగ్ ప్లేటులో మోడల్ నంబరు ఉంటుంది, అది మొత్తం చెప్పి అడగండి, చివరి అక్షరాలతో సహా, ఒకే పేరుతో వచ్చిన ఓవెన్లకి బ్రాకెట్ రంధ్రాలు వేరేగా ఉంటాయి. ఎడమది ఒక్కటే కాదు, రెండూ మార్చండి. ఓవెన్ ఫ్రేముకి కొత్త రంధ్రాలు మాత్రం వెయ్యొద్దు, వెనక ఏ వైరు ఉందో మనకి కనబడదు, వారంటీ కూడా పోతుంది.

వేలుచూపు:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, పైన ఎవరో స్ప్రింగ్ గురించి అన్నారు కదా, నా ఎడమ చూపుడు వేలు గోరు దానికి సాక్ష్యం. నాది హింజ్ గూడు వంగిన కేసు. తలుపు కుడివైపు 4 ఎంఎం దిగి ఉండేది, నేనూ కప్‌బోర్డు బిగింపే అనుకుని స్క్రూలన్నీ విప్పి బిగించి మళ్లీ విప్పి, ఒక ఆదివారం మొత్తం పోగొట్టాను. ఆ పెన్సిల్ గీత టెస్ట్ ముందే తెలిసుంటే రెండు నిమిషాల్లో తేలేది. ఒక డౌట్, ఓవెన్ లోపల పెట్టాక చుట్టూ సందులో సిలికాన్ కొట్టేస్తే కదలకుండా ఉంటుంది, దుమ్ము పోదు అని మా ఇంటికొచ్చినతను కొట్టాడు. అది మంచిదేనా?

పాతసర్వీసోడు:
వద్దండి. గాలి వెళ్లాల్సిన సందు అది, పైగా తర్వాత ఎవరు రిపేరుకి వచ్చినా మొదట ఆ సిలికాన్ కొయ్యాలి, కోసేటప్పుడు లామినేట్ గీసుకుపోతుంది, అప్పుడు మీరు మమ్మల్నే తిడతారు. కదలకుండా ఉండటానికి స్క్రూలు ఉన్నాయి.

చెక్కపనోడు:
దానికి తోడు ఓవెన్ పక్కన పలకలు 90 డిగ్రీల వేడి దాకా తట్టుకోవాలని చాలా మాన్యువళ్లలో రాసి ఉంటుంది. సందు మూసేస్తే ఆ వేడి ఇంకా పెరిగి అంచు పట్టీ జిగురు కరుగుతుంది, ముందు ఊడేది అదే. ఓవెన్ పక్కన పట్టీ ఊడుతోందని నన్ను పిలిచిన ఇళ్లలో సగం ఇలాంటివే.

నట్టూబోల్టూ:
అన్నా చూశాను. పక్క గూట్లో నాలుగు మొనలు, ఒక్కోటి అంగుళం పైన బయటికి ఉంది. మా అమ్మ ఇన్నాళ్లూ వాటికి గరిటెలు తగిలిస్తోంది, నేనే కావాలని పెట్టించాను అనుకుందట. కింద పలక కూడా చూశా, నాదీ పిన్నుల మీదే ఉంది, ఇంకా దిగలేదు కానీ. రీపర్లు ఓవెన్ బయటికి తియ్యకుండా కింద నుంచి వెయ్యొచ్చా?

చెక్కపనోడు:
పలక దిగలేదు, ఉబ్బలేదు అంటే వెయ్యొచ్చు తమ్ముడూ. డ్రాయర్ తీసి కింద నుంచి రీపర్‌ని పలకకి ఆనించి, జాక్ లాగా ఒక కర్ర పోటు పెట్టి బిర్రుగా పట్టించి స్క్రూలు కొట్టు. పిన్నులు అడ్డం వస్తే రీపర్‌లో ఆ చోట చిన్న గాడి కొట్టుకో, పిన్ను పీకొద్దు, ఓవెన్ మీదుండగా. ఆ మొనలు మాత్రం ఇవాళే తియ్యి, రీపర్లు ఆరాక సరైన స్క్రూలు వెయ్యి, మధ్యలో తలుపు తియ్యకు. గరిటెలకి వేరే కొక్కేలు కొని ఇవ్వు అమ్మకి.

తలుపుసందు:
పది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. పని అయింది అండి. వైరు ఎలక్ట్రీషియన్ విప్పాడు, ఓవెన్ మా ఆయనా మా తమ్ముడూ కలిసి దింపారు, రీపర్లు పక్క వీధి వడ్రంగి తాతగారు వేశారు, మీరు రాసిందంతా ఫోన్లో చదివి వినిపిస్తుంటే "రాసినాయనకి పని తెలుసు" అన్నారు, అది మీకు చెప్పాలనిపించింది. పాత పలక తీసేటప్పుడు చేతిలోనే రెండు ముక్కలైంది. వెనక 40 ఎంఎం ఖాళీ వదిలి ఉంది దానికి, నిజంగానే, మీరు చెప్పకపోతే కొత్తది నిండుగా కోయించేసేవాళ్లం.

ఒక చోట మాత్రం తికమక పడ్డాం. డోవెల్ వేశాక కొత్త బ్రాకెట్ రంధ్రం డోవెల్ మధ్యకి రాలేదు, పోయినేడాది అతను పక్కనే ఇంకో స్క్రూ కొట్టాడని చెప్పాను కదా, మేం పూడ్చింది ఆ రంధ్రం. అసలుది దానికి 9 ఎంఎం పక్కన ఉంది. మళ్లీ దానికీ డోవెల్ వేసి ఇంకో రాత్రి ఆగాం. ఆ రెండు రాత్రులూ ఓవెన్ హాల్లో సోఫా పక్కన బల్ల మీద కూర్చుంది, వచ్చినవాళ్లందరూ అదేంటని అడగడమే.

ఇప్పుడు సందు నాలుగు మూలలా 1 ఎంఎం, తలుపు తెరిచినా అంతే. టక్ చప్పుడు పోయింది. రసమట్టం బుడగ మధ్యలో ఆగింది. నిన్న ట్రే పెట్టాం, రెండు పక్కలా ఒకేలా కాలింది. ఎడమ కింద మూల కాగితం ఇప్పటికీ కొంచెం జారుగానే వస్తోంది, అదొక్కటే మిగిలింది.

పాతసర్వీసోడు:
అది రబ్బరు మేడం. ఇన్నాళ్లూ ఒరిగిన బాడీ మీద ఆ మూల సరిగ్గా ఆనక గట్టిపడి ఉంటుంది. చాలా మోడళ్లలో అది చిన్న కొక్కేలతో తగిలించి ఉంటుంది, స్క్రూలు కూడా ఉండవు, మోడల్ నంబరుతో అడిగితే దొరుకుతుంది, మీరే మార్చుకోవచ్చు. తొందరేం లేదు. కొత్త పలక మీద బరువు కూర్చుంటుంది కాబట్టి ఓ నెల ఆగి పక్క స్క్రూలు ఒకసారి చేత్తో చూడండి, వదులుంటే పావు చుట్టు.

నట్టూబోల్టూ:
అక్కా, రీపర్ స్క్రూలు మొత్తం ఎన్ని పట్టాయి మీకు? నేను ఎనిమిదే తెచ్చా.

తలుపుసందు:
పక్క రీపర్లకి ఎనిమిది, అడ్డ రీపర్‌కి నాలుగు, మొత్తం పన్నెండు తమ్ముడూ. ఒకటి రెండు ఎక్కువే తెచ్చుకో, మాకు ఒకటి తల అరిగిపోయింది.